ఇంట్లో పాట, మూడో పాఠం: రిసీవర్ కొనే ముందు చేయాల్సిన లెక్క

పోయిన పాఠంలో స్పీకర్లు చూశాం. వాటి వెనక అంటించిన చీటీ మీది రెండు అంకెలు రాసుకు రమ్మన్నాను. ఒకటి ఓమ్స్, అంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు; రెండోది సెన్సిటివిటీ, అంటే మోత కొలిచే డెసిబెల్స్‌లో ఉండేది. ఈ పాఠానికి 8 ఓమ్స్, 86 డెసిబెల్స్ అనుకుందాం. చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. గది మొదటి పాఠంలో టేపు పెట్టి కొలిచిందే: 12 అడుగులు, 14 అడుగులు. వినే కుర్చీ స్పీకర్లకి 8 అడుగుల దూరం. ఇవి జేబులో లేకుండా షాపుకి వెళ్తే షాపతను చెప్పిన వాట్లు వినడం తప్ప మనం చేసేదేమీ ఉండదు.

ముందు పేర్లు తేల్చుకుందాం. రేడియో పట్టే ట్యూనర్, ఏది వినాలో తిప్పుకునే సెలెక్టర్, స్పీకర్లని ఆడించే ఆంప్లిఫయర్, ఈ మూడూ ఒకే పెట్టెలో ఉంటే రిసీవర్. ట్యూనర్ లేకపోతే ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్. ఐదారు స్పీకర్లకి, టీవీకి కలిపి చేసినది ఏ.వి. రిసీవర్. మన విజయనగరంలో స్టీరియో రిసీవర్ ఉందా అని అడిగితే చాలాచోట్ల హోమ్ థియేటరే తీసి చూపిస్తారు. పాటల కోసమే అయితే అది వద్దని నా మాట. అదే డబ్బు ఐదు ఆంప్లిఫయర్లకీ, టీవీ తీగ తగిలించే హెచ్.డి.ఎం.ఐ. బోర్డుకీ పంచితే ఒక్కోదానికి మిగిలేది తక్కువ. పైగా ముందు పాతబడేది ఆ బోర్డే. అలా పాతబడిన మంచి ఏ.వి. రిసీవర్‌ని ఎవరైనా చవగ్గా ఇచ్చేస్తుంటే మాత్రం తీసుకోండి. రెండు స్పీకర్లు కట్టుకుని పాటలు వినడానికి దానికేం లోటు ఉండదు.

ఇప్పుడు వాట్ల లెక్క. పెన్ను తీయండి.

86 డెసిబెల్స్ అంటే ఆ స్పీకర్‌కి ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో వినబడే మోత. దూరం రెట్టింపైతే 6 తగ్గుతుంది. 8 అడుగులంటే సుమారు రెండున్నర మీటర్లు, కాబట్టి 8 తీసేయండి. 78. స్పీకర్లు రెండు గనక 3 కలపండి. 81. గోడలు తిరిగిచ్చే మోత వదిలేద్దాం, అది ఎలాగూ మనకి లాభమే. ఇంట్లో హాయిగా పాట వినడానికి 72 డెసిబెల్స్ సరిపోతుంది. అంటే 81 కంటే 9 తక్కువ. 3 తగ్గిన ప్రతిసారీ వాట్లు సగం అవుతాయి. ఒక వాట్‌ని మూడుసార్లు సగం చేస్తే వచ్చేది వాట్‌లో ఎనిమిదో వంతు.

తప్పు చేశానేమోనని మళ్ళీ లెక్క వేయకండి, అంతే. రోజూ మనం వినే పాటకి ఖర్చయ్యేది అంతే.

కానీ పాట అంతా ఒకే ఎత్తులో నడవదు. తప్పెటగుళ్ళు దగ్గర కూర్చుని చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పాట సాగుతూ ఉండగా రొమ్ము మీది రేకు తప్పెట మీద రెండు చేతులూ ఒక్కసారి పడతాయి చూడండి, అలాంటి దెబ్బ సగటు మోత కంటే 20 డెసిబెల్స్ దాకా పైకి లేవచ్చు. 72కి 20 కలిపితే 92. మన ఒక్క వాట్ ఇచ్చే 81 కంటే అది 11 ఎక్కువ. 10 డెసిబెల్స్‌కి పదింతల వాట్లు, మిగిలిన ఒకటికి ఇంకొంచెం, మొత్తం 13 వాట్ల లోపు. మీ స్పీకర్లు 82 డెసిబెల్స్ మొద్దు రకం అయితే అదే దెబ్బకి 32 వాట్లు కావాలి. అందుకే ముందు స్పీకర్లు, తరవాతే రిసీవర్ అని పోయినసారి అంతలా చెప్పింది.

కాబట్టి చానెల్‌కి, అంటే ఒక్కో పక్క స్పీకర్‌కి, నిజమైన 30 వాట్లు మన గదికి సరిపోతాయి, 50 ఉంటే నిశ్చింత. 50 వాట్ల సెట్టు పక్కన 100 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి 'కాస్త పెరిగింది' అనిపిస్తుంది. మోత రెట్టింపైనట్టు అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. అందుకే 50కీ 100కీ మధ్య డబ్బు ఎక్కువ పెట్టాల్సి వస్తే నేను పెట్టను.

'నిజమైన' అన్న మాట ఊరికే వాడలేదు. వాట్ల అంకె పక్కన నాలుగు సంగతులు ఉండాలి: ఎన్ని ఓమ్స్ మీద, రెండు చానెల్సూ ఒకేసారి ఆడుతుండగానా, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా (ఎంత లావు స్వరం నుంచి ఎంత సన్న స్వరం దాకా), ఎంత డిస్టార్షన్‌తో, అంటే శబ్దం అసలు రూపం ఎంత చెదిరి. అమెరికాలో ప్రకటనల్లో ఇవన్నీ చెప్పి తీరాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే రూలు పెట్టింది. అప్పటికే వాట్ల గొప్పలు అంత ముదిరిపోయాయన్నమాట. యమహా ఆర్-ఎస్202కి కంపెనీ చెప్పే అంకె చూడండి: 8 ఓమ్స్ మీద, 40 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 0.2 శాతం డిస్టార్షన్‌తో చానెల్‌కి 100 వాట్లు. అలా చెబితే నమ్మొచ్చు. '1000 వాట్స్' అని పెట్టె మీద పెద్ద అక్షరాలు వేసి, కింద చీమతలకాయంత అక్షరాల్లో 10 శాతం డిస్టార్షన్ అంటే అది ఒట్టి అరుపు. పక్కన పి.ఎం.పి.ఓ. (క్షణకాలపు గరిష్ఠం పేరుతో వేసే అంకె) అని ఉంటే ఆ అంకెని అసలు చదవనే వద్దు.

అరచేతిలో పట్టే చిన్న క్లాస్-డి (తక్కువ వేడెక్కే రకం) ఆంప్లిఫయర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతున్నాయి. నాకు వాటి మీద చిన్నచూపేమీ లేదు, పడగ్గదికి అవి చాలు. వాటి నిజం తెలుసుకోవడం కూడా సులువే, అడాప్టర్ తిప్పి చూడండి. 24 వోల్టులు, 3 ఆంప్స్ అని ఉంటే హెచ్చించండి: 72 వాట్లు. అడాప్టర్ నుంచి 72 మాత్రమే అందేది రెండు స్పీకర్లకి వందేసి ఎప్పటికీ ఆగకుండా ఇవ్వలేదు కదా.

తరవాత వెనక పానెల్. ఇక్కడ మీ ఇంట్లో ఏం ఉందో అదే కొలత. కొత్త టీవీలు కొన్నింటికి ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టే చోటే ఉండదు, ఆప్టికల్ (వెలుగు తీగతో శబ్దం పంపే సాకెట్), హెచ్.డి.ఎం.ఐ. లాంటివే ఉంటాయి. ఇందాక చెప్పిన యమహాలో బ్లూటూత్ ఉంది, రేడియో ఉంది, ఆప్టికల్ లేదు, రికార్డు ప్లేయర్ పెట్టుకునే ఫోనో ఇన్‌పుట్ కూడా లేదు. సోనీ ఎస్.టి.ఆర్-డి.హెచ్.190లో ఫోనో ఉంది, ఆప్టికల్ లేదు. తాతగారి ఎల్.పి.లు అటక మీద ఉన్న ఇల్లు అయితే ఆ ఒక్క 'ఫోనో' అన్న మాటే తేల్చేస్తుంది. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ రికార్డు, ఆయన ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మన సంగీత కళాశాల ఉన్న ఊళ్ళోనే అటక మీద దుమ్ముపట్టి ఉంటే బాగుండదు.

స్పీకర్ ఎ, స్పీకర్ బి అని రెండు జతల మీటలుంటే ఒక జాగ్రత్త. హాల్లో 8 ఓమ్స్, వరండాలో 8 ఓమ్స్ కట్టి రెండూ కలిపి నొక్కితే చాలా సెట్లలో రిసీవర్ మీద పడేది 4 ఓమ్స్ బరువు. రెండూ 6 అయితే 3. ఓమ్స్ తగ్గేకొద్దీ సెట్టు మీద బరువు ఎక్కువ. వెనక రాసిన కనీసం కంటే తగ్గితే సెట్టు వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి పోవచ్చు, అంటే తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోవచ్చు.

ఇక సెకండ్‌హ్యాండ్. మొత్తం 30 వేలు ఉంటే నేను 18 వేలు స్పీకర్లకి పెట్టి, 12 వేలతో వాడిన రిసీవర్ వెతుకుతాను. ఈ దారిలో నేను ఒకసారి గట్టిగానే దెబ్బ తిన్నాను. అమెరికా నుంచి వచ్చేసిన మా బంధువు ఒకాయన 'నువ్వే వాడుకో' అని బంగారంలాంటి సెట్టు ఇచ్చాడు. దసరా సెలవులు, మన పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకి చుట్టాలంతా ఇంట్లో ఉన్నారు. అందరి ముందూ దర్జాగా ప్లగ్ పెట్టాను. ఠప్ మని ఒక శబ్దం, కాలిన వార్నిష్ వాసన. అది 120 వోల్టుల సెట్టు, మన గోడలో ఉండేది 230. మన ఊళ్ళో మూడు లాంతర్ల సెంటర్ వైపు ఉన్న మెకానిక్ దగ్గరికి మోసుకెళ్తే, మూత తీసి చూసి, "ఏటి బావూ, వెనక రాసినది సదవలేదా?" అన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. దాన్ని మళ్ళీ చుట్టించడానికి అయిన డబ్బుతో ఇక్కడి సెట్టే ఒకటి వచ్చేది.

230ని 120కి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సరిపోతుందిగా అంటారు. కరెంటు వరకు సరిపోతుంది. రేడియో మాట వేరు. స్టేషన్‌ని అంకెల్లో చూపించే అమెరికా సెట్లు మీడియం వేవ్‌లో 10 కిలోహెర్ట్జ్ చొప్పున గెంతుతాయి, మన స్టేషన్లు 9 చొప్పున ఉంటాయి. విశాఖపట్నం ఆకాశవాణి 927. ఆ సెట్టు 920 దగ్గర ఆగుతుంది, లేదా 930 దగ్గర. కొన్నింటి వెనక 9, 10 మార్చే మీట ఉంటుంది, ఉంటే అదృష్టం. జపాన్‌లో అమ్మకానికి చేసిన పాత సెట్లయితే 100 వోల్టులు, ఎఫ్.ఎం. కూడా 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకానే పడుతుంది, మనకి దాంతో ఏ పనీ లేదు.

ఇక్కడి సెట్టే చూడ్డానికి వెళ్ళారనుకోండి. మీ స్పీకర్లు, ఒక మల్టీమీటర్ వెంట తీసుకెళ్ళండి, మొహమాటపడొద్దు. స్విచ్ వేశాక కొన్ని సెకన్లకి లోపల టక్ మని రిలే (స్పీకర్లని తనంతట తానే కలిపే స్విచ్) పడాలి. స్పీకర్లు తగిలించకముందే, వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ మీద డి.సి. మిల్లీవోల్టులు కొలవండి. 50 లోపు ఉంటే భయం లేదు. వందలు చూపిస్తే ఎంత చవకైనా నమస్కారం పెట్టి వచ్చేయండి, లోపల ఏదో తప్పుంది, ముదిరితే మీ స్పీకర్లని కాల్చేయొచ్చు. వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరమంటే కంగారు లేదు, కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలాసార్లు పోతుంది, బేరానికి కూడా పనికొస్తుంది. బాలెన్స్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి రెండు పక్కలా ఒకే గొంతు వస్తోందా వినండి. అరగంట ఆడనివ్వండి. కొన్ని సెట్లు వేడెక్కాకే ఒక చానెల్ వదిలేస్తాయి, అమ్మేవాళ్ళకి ఆ సంగతి తెలిసే ఉంటుంది. భీమిలి, కళింగపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చిన సెట్టయితే వెనక పిన్నులకి పచ్చటి చిలుము పట్టిందేమో టార్చి వేసి చూడండి.

ఇంటికి తెచ్చాక షోకేసులో బొమ్మల మధ్య బిగించకండి. పైన కనీసం నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాలి, లేసు గుడ్డ కప్పకూడదు. వెచ్చగా ఉందని బల్లి దూరితే షార్టయి మళ్ళీ మెకానిక్ దగ్గరికే. నేనైతే రాత్రిపూట స్విచ్ గోడ దగ్గరే ఆపేస్తాను. చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద హమ్ మంటుంటే అది సెట్టు తప్పు కాదు.

వచ్చే పాఠానికి పని. మీ టీవీ వెనక, సెట్‌టాప్ బాక్సు వెనక ఉన్న సాకెట్లన్నీ కాగితం మీద బొమ్మ గీసి ఉంచండి, వైర్ల పాఠంలో అదే కావాలి. ఒక లెక్క కూడా: స్పీకర్ 89 డెసిబెల్స్, కుర్చీ 4 మీటర్ల దూరం, మోత మనం వేసుకున్న 72, దెబ్బ 20. ఎన్ని వాట్లు? 4 మీటర్లంటే దూరం రెండుసార్లు రెట్టింపైంది, 12 తీసేయడంతో మొదలుపెట్టండి.