ట్రయల్‌లో చేరుతున్నారా? పసరు మందు సంగతి దాచకండి

పోయిన నెల మా బాబాయికి ట్రయల్ మందు ఆపేశారు. ట్రయల్ అంటే కొత్త మందును రోగులకిచ్చి పరీక్షించి చూడడం. నెల్లూరు నుంచి మద్రాసు వచ్చి, ఆసుపత్రి దగ్గర లాడ్జిలో గది తీసుకుని, ఎంతో ఆశతో చేరిన ట్రయల్ అది. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు బాగా పెరిగాయి, అంటే లివర్ దెబ్బతింటోందన్న సూచన. డాక్టరు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ "వేరే మందులేమీ లేవండీ" అన్నాడు. తర్వాత పిన్ని ఏడుస్తూ నాకు చెప్పింది, రోజూ పరగడుపున తిప్పతీగ కషాయం తాగుతున్నాడని.

ఫైలు జాగ్రత్త, టైముకు వెళ్ళండి అని అందరూ చెబుతారు. అవి వదిలేస్తున్నాను.

సంతకానికి ముందు

2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చేతిలో తమిళం కాగితం పెడితే తలూపకండి, తెలుగుది అడగండి. చదవడం రానివాళ్ళ పక్కన, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. సంతకం పెట్టాక ఒక కాపీ మీది. ఎప్పుడు వద్దనుకున్నా బయటికి రావచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగదు. ఫేజ్ 1, అంటే ట్రయల్‌లో మొదటి దశ అయితే అందులో ముఖ్యంగా చూసేది మందు ఎంత మోతాదు వరకు తట్టుకోగలరన్నది. జబ్బు నయమవుతుందన్న మాట ఎవరూ ఇవ్వలేరు.

చేరిన తర్వాత

ఇక్కడే కొంప మునిగేది. నాటు మందు దాచకండి. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిన్నదని రాశారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. ఆ వాదన ఎటు తేలినా మన ఇబ్బంది మనదే. ఎంజైములు పెరిగితే తప్పు కొత్త మందుదా, కషాయానిదా అని డాక్టరుకు తెలియాలి. మీరు దాస్తే నింద కొత్త మందు మీద పడుతుంది. మీకు మందు ఆగుతుంది, మీ తర్వాత వచ్చే రోగులకు మోతాదు కూడా తప్పుగా లెక్క కట్టే ప్రమాదం ఉంది.

"తిడతారేమో" అని దాస్తారు. నేను చూసినంతలో, చెప్పినవాళ్ళను ఏ డాక్టరూ వెళ్ళగొట్టలేదు. దాచినవాళ్ళే నష్టపోయారు.

అశ్వగంధ, పసుపు మాత్రలు, ఊళ్ళో వైద్యుడిచ్చిన పొడి, ఏదైనా సరే చెప్పాల్సిందే.

పంపర పనస తినేముందు అడగండి. కొన్ని మందుల మోతాదును అది రక్తంలో పెంచేస్తుంది.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పొద్దున దాకా ఆగకండి, వెంటనే ట్రయల్ డాక్టరుకు ఫోన్ చేయండి. పారాసిటమాల్ వేసుకుని పడుకోకండి.

సమ్మతి పత్రంలో ఉన్న డాక్టరు నంబరు, ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో రోగులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) నంబరు ఫోన్‌లో ఎక్కించుకోండి.

వేరే ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ట్రయల్ డాక్టరుకు ఆ రోజే ఫోన్ చేయండి.

మందు ఒక పూట మరిచిపోతే నిజం చెప్పండి. మర్నాడు రెండూ కలిపి వేసుకోకండి.

నాటు మందు దాచకండి. రెండోసారి చెబుతున్నాను.

రోగికే తెలియకుండా మజ్జిగలో పొడి కలిపేవాళ్ళు ఉంటారు. అందుకని వండిపెట్టేవాళ్ళను కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంట్లో ఉన్న సీసాలు, పొట్లాలు, వేర్లు అన్నీ ఒక సంచిలో వేసి ఆయన బల్ల మీద పెట్టండి. గురువారం విజిట్ అయితే సంచి బుధవారం రాత్రే సర్దండి.