ఎవరి వాకిట్లోనో మన కారు: మధురపూడి ఫ్లైట్ ఎక్కేవాళ్ళకి

మా కోనసీమ వైపు నుంచి హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కాలంటే మధురపూడికే, అంటే రాజమండ్రి ఎయిర్‌పోర్టుకే పోవాలి. అమలాపురం నుంచో కొత్తపేట నుంచో తెల్లారగట్ల బయల్దేరి, రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటి, రాజమండ్రి మీదుగా కోరుకొండ రోడ్డెక్కి ఎయిర్‌పోర్టు చేరేసరికి ఒళ్ళు హూనం. అద్దె కారైతే డ్రైవరు ఖాళీగా వెనక్కి వెళ్ళే చార్జీ కూడా మన దగ్గరే లాగుతాడు, అందుకని సొంత కారులోనే పోతాం. అక్కడ మొదలవుతుంది లెక్క: నాలుగు రోజులు ఎయిర్‌పోర్టు పార్కింగులో పెడితే ఎంతవుతుంది, పక్క ఊళ్ళో ఏ వీధిలోనో పెట్టేసి ఆటోలో గేటు దాకా వెళ్తే ఎంత మిగులుతుంది అని. 2024 డిసెంబరులో ముంబయికీ, ఢిల్లీకీ కూడా ఇక్కడి నుంచి నేరుగా విమానాలు మొదలయ్యాక వారం పది రోజులకి వెళ్ళేవాళ్ళూ ఈ లెక్కలోకి వచ్చారు.

నేనూ వేశానండి ఆ లెక్క, ఒకసారి కాదు, చాలాసార్లు. కాబట్టి వీధిలో కారు పెట్టడం తప్పని చెప్పడానికి రాయడం లేదు, పద్ధతిగా ఎలా పెట్టాలో చెప్దామని. అసలు విషయం ఒక్కటే. మన ఊళ్ళలో గేటు బయట నాలుగడుగుల నేల పంచాయతీ లెక్కలో రోడ్డు. కానీ రోజూ పొద్దున్నే అది ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టే ఆవిడ లెక్కలో అది వాకిలి. మనం కారు పెట్టేది ఆ వాకిట్లో. ఈ ముక్క బుర్రలో ఉంటే సగం పద్ధతులు ఎవరూ చెప్పక్కర్లేదు.

నాకు ఎలా తెలిసిందంటే, ఒక ఏప్రిల్లో ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో ఒక ఊళ్ళో, ఎవరినీ అడక్కుండా, గేటుకి అడ్డం లేదు కదా అనుకుని ఓ ఇంటి గోడ వారన పెట్టేసి వెళ్ళిపోయాను. మూడు రోజుల తర్వాత వచ్చి చూస్తే కారు టాపు మీద తెల్ల పంచె పరిచి దాని నిండా సగ్గుబియ్యం వడియాలు. బంపరు మీద కళ్ళాపి చుక్కలు ఎండిపోయి ఉన్నాయి. ముందు చక్రాల దగ్గర ముగ్గు సగానికి ఆగిపోయి ఉంది. నేను తలుపు మీద చెయ్యి వేసేసరికి లోపల్నుంచి ఒక మామ్మగారు వచ్చి, "నీదేనా బాబూ కారు? ఇంకో పూట ఎండాలి, కాస్త ఆగు" అన్నారు. కోప్పడలేదు, అరవలేదు. మజ్జిగిచ్చారు కూడా. సాయంత్రం నాలుగింటి దాకా వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. వడియాలు తీస్తూ మాత్రం, "మూడు రోజులబట్టి సగం ముగ్గే పెడుతున్నాం బాబూ, శుక్రవారం కూడా సగమే" అన్నారు. టైర్లలో గాలి తీసేసినా అంత సిగ్గు పడేవాడిని కాదు.

సరే, అసలు ముందు ఇదంతా అవసరమా అని చూసుకోండి. ఎయిర్‌పోర్టు పార్కింగు రోజుకి 300 రూపాయలు అనుకుందాం, రెండు రోజులకి 600. వీధిలో పెడితే ఆటోకి పోనూ 100, రానూ 100, రాత్రి ఫ్లైట్ అయితే ఆటోవాడు చెప్పిందే రేటు. పైగా పిల్లలు, పెట్టెలు, ఆవకాయ జాడీ. మిగిలే నాలుగొందల కోసం ఇంత తతంగం వద్దు, లోపలే పెట్టేసి వెళ్ళండి. అసలు రేటు ఎంతో ఎయిర్‌పోర్టు బోర్డు మీద ఉంటుంది, 24 గంటలు దాటితే ఎలా లెక్కేస్తారో కూడా అక్కడే అడిగేయండి. ఐదారు రోజులు దాటితేనే వీధి గురించి ఆలోచించండి. రాజమండ్రి సిటీలో చుట్టాల వీధిలో పెట్టి వెళ్దాం అనుకునేవాళ్ళు, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు 15-18 కిలోమీటర్లని మర్చిపోకండి, మిగిలిందంతా క్యాబ్‌కే పోతుంది. కాకపోతే కారు నీడ పట్టున, తెలిసినవాళ్ళ కళ్ళ ముందు ఉంటుంది, దానికీ ఒక విలువ ఉంది.

వీధిలోనే పెడదాం అనుకున్నారా, ముందు అడగండి. ఎవర్ని అడగాలి అన్నది ముఖ్యం. మగాళ్ళు చేసే తప్పేంటంటే, వీధి చివర బడ్డీ కొట్టు దగ్గర టీ తాగుతున్న ఎవరో ఒకాయన్ని "ఇక్కడ పెట్టుకోవచ్చాండి" అంటారు, ఆయన "ఆయ్, పెట్టుకోండి, ఎవరేమంటారు" అంటాడు. ఆయనకేం పోయింది, ఆయన ఊడ్చేది కాదు, ఆయన వాకిలి కాదు. గేటు దగ్గరికి వెళ్ళి ఆ ఇంటి ఆడవాళ్ళని అడగండి. ఫోన్లో మాట్లాడుతూ కారు అద్దం దించి అడగడం కాదు, దిగి వెళ్ళి, మీతో మీ ఆవిడ ఉంటే ఆవిడ చేత అడిగిస్తే ఇంకా మంచిది. "అక్కగారూ, అమలాపురం అవతల నుంచి వచ్చామండి, హైదరాబాద్ వెళ్ళి ఆదివారం సాయంత్రానికి వచ్చేస్తాం, కారు ఈ గోడ వారన ఉంచుకోవచ్చాండి? ఈ వారం రోజుల్లో మీకేమన్నా పనుందాండి ఇక్కడ?" ఈ ఆఖరి ప్రశ్న వదలొద్దు. "పెట్టుకోండి కానీ ఎల్లుండి మాకు వ్రతం ఉంది, కాస్త ఎదరకి జరపండి" అని ఆవిడే చెప్తారు. అడక్కపోతే చెప్పరు, మనం వెళ్ళాక తిట్టుకుంటారు.

జవాబు అర్థం చేసుకోవడం కూడా తెలియాలి. "పెట్టుకోండి బాబూ, దానికేముంది" అంటే పెట్టుకోమనే. "మా వారొచ్చాక అడిగి చెప్తానండి" అంటే వద్దని, గోదావరి జిల్లా మర్యాదలో చెప్పారు, అంతే. "పెట్టుకోండి మరీ..." అని సాగదీసినా వద్దనే. అప్పుడు "పర్లేదండి, ఎదర చూసుకుంటాం" అని నవ్వుతూ వచ్చేయాలి. వాదించి, "రోడ్డు అందరిదీ కదండీ" అన్నారా, ఆ కారుకి ఏం జరిగినా నేను బాధ్యుణ్ణి కాదు.

రోడ్డు అందరిదే, నిజమే, కానీ చట్టం కూడా మనం అనుకున్నంత వదులుగా లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, పబ్లిక్ స్థలంలో 10 గంటలు, అంతకు మించి పట్టించుకునేవాళ్ళు లేకుండా వదిలేసిన బండిని అక్కడి పోలీసు అధికారి లాక్కెళ్ళమని గానీ, చక్రాలకి తాళం వెయ్యమని గానీ చెప్పొచ్చు, ఆ ఖర్చు కూడా మనదే. 10 గంటలంటే మీ ఫ్లైట్ హైదరాబాద్‌లో దిగి, మీరు భోంచేసి పడుకునే లోపే అయిపోతాయి. ఊళ్ళలో ఎవరూ అంత దూరం వెళ్ళరు, ఒకరికి కడుపు మండి ఫోన్ చేస్తే తప్ప. మన పని ఆ కడుపు మండకుండా చూసుకోవడమే. ఇంకోటి, ఎయిర్‌పోర్టు ప్రహరీ వారన, దారి మొదట్లో అస్సలు వద్దు. మనిషి లేని కారు రోజుల తరబడి అక్కడ ఉంటే సెక్యూరిటీ వాళ్ళకి అనుమానం రావడం సహజం.

పెట్టే చోటు. గేటుకి అడ్డంగా పెట్టకూడదని చిన్న పిల్లాడికీ తెలుసు. తెలియనివి వేరే ఉన్నాయి. ఇంటి ముందు మురుగు కాలవ మీద వేసిన పలక మీదకి చక్రం ఎక్కించకండి, అది స్కూటీ దిగడానికి వేసుకున్నది, మన బండి బరువుకి పగిలితే మళ్ళీ వేయించుకోవాల్సింది వాళ్ళే. కుళాయి దగ్గర వద్దు, పొద్దున్నే బిందెల వరస అక్కడే. రామాలయం ఎదురుగా వద్దు, బడి గేటు దగ్గర వద్దు, ట్రాన్స్‌ఫార్మర్ కింద వద్దు. మలుపులో పెట్టేటప్పుడు మీ కారు పక్కనుంచి ఇంకో కారు పడుతుందా అని కాదు, ధాన్యం బస్తాలేసుకున్న ట్రాక్టరు వెనక ట్రక్కుతో సహా తిరుగుతుందా, 108 అంబులెన్సు తిరుగుతుందా అని చూడండి. తిరగదు అనిపిస్తే ఇంకో నాలుగు ఇళ్ళు అవతలికి పోండి.

కొబ్బరి చెట్టు సంగతి మన డెల్టా వాళ్ళకి చెప్పాలా అనుకుంటాను గానీ, ఎన్ని కార్ల అద్దాలు చూశానో. పైన కాయ కనపడకపోయినా ఎండు మట్ట ఉంటుంది, అది గాలి లేకపోయినా రాలుతుంది. అది పడి కారు అలారం అర్ధరాత్రి మోగడం మొదలెడితే వీధి వీధంతా లేస్తుంది, మీరేమో ఢిల్లీలో. మోగే అలారం ఉంటే అడిగిన ఇంట్లో ముందే చెప్పండి, ఆపే వీలుంటే ఆపి వెళ్ళండి.

ఎప్పుడు పెట్టకూడదో కూడా ఒక లెక్క ఉంది. సంక్రాంతి వారం అసలు వద్దు. హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ కొడుకులూ అల్లుళ్ళూ కార్లేసుకుని దిగుతారు, వాళ్ళ కారుకే చోటుండదు, పైగా ఏడాది మొత్తం మీద పెద్ద ముగ్గు పెట్టేదీ, గొబ్బెమ్మలు పెట్టేదీ అప్పుడే. వినాయక చవితికి వీధిలో పందిరి లేస్తుంది, తొమ్మిది రోజులు కదలదు. ఫాల్గుణంలో కోరుకొండ తీర్థం అప్పుడు ఆ రోడ్డంతా జనమే. ముహూర్తాల రోజుల్లో ఎవరింటి ముందన్నా షామియానా లేవొచ్చు. సార్వా (వానాకాలం పంట) కోతలప్పుడు నవంబరు, డిసెంబరు, దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు ఏప్రిల్, మే, చాలా ఊళ్ళలో సిమెంటు రోడ్డే కళ్ళం. మీ కారున్న చోట నాలుగు బస్తాల ధాన్యం ఆరేది, అది ఆరక తేమ ఎక్కువుందని మిల్లు వాడు కోత పెడితే ఆ రైతు ఎవర్ని తలుచుకుంటాడో ఆలోచించండి. 2027లో గోదావరి పుష్కరాలు, ఆ పన్నెండు రోజులూ రాజమండ్రి చుట్టుపక్కల వీధి పార్కింగ్ అన్న ఆలోచనే పెట్టుకోకండి, బస్సెక్కి రండి.

చెప్పకుండా వచ్చేది ఒకటుంది, చావు. ఎవరింట్లోనన్నా పెద్దాయన పోతే గంటలో వీధిలో కుర్చీలు పడతాయి, పాడె అక్కడే కడతారు. అలాంటప్పుడు కారు జరపడానికి మనిషి కావాలి. అందుకని అద్దం లోపల కాగితం మీద పెద్ద అక్షరాలతో రెండు నంబర్లు రాసి పెట్టండి: ఒకటి మీది, రెండోది అరగంటలో అక్కడికి రాగల మనిషిది. గాల్లో ఉన్నప్పుడు మీ ఫోన్ పనిచెయ్యదు కదా. మా బావగారు రాజమండ్రిలో ఉంటారు, రెండో తాళం ఆయన దగ్గర పెడతాను. తాళం ఆ ఇంటివాళ్ళకే ఇచ్చేద్దాం అనుకోకండి, వాళ్ళకది బరువు, ఏ కుర్రాడో లైసెన్సు లేకుండా జరపబోయి గోడకి గుద్దితే ఇన్సూరెన్సు వాళ్ళు మొహం చాటేస్తారు. ఊరి పేరు, తేదీలు మాత్రం ఆ కాగితం మీద రాయకండి, ఇంట్లో ఎవరూ లేరని మీరే బోర్డు పెట్టినట్టు.

కారు విషయం రెండు మాటలు. వానాకాలంలో వారం రోజులు హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేస్తే తుప్పుకి పట్టేసుకోవచ్చు, గేరులో ఉంచి చక్రాలకి రాళ్ళు పెట్టడం మేలు. తినే వస్తువు ఒక్కటి కూడా లోపల వదలొద్దు, ఎలుకలు దూరితే వైర్లు కొరికేస్తాయి. పల్లపు చోట పెట్టి, వాన నీళ్ళు నిలిచి లోపలికి వెళ్తే థర్డ్ పార్టీ పాలసీకి పైసా రాదు. నీళ్ళు వెళ్ళాయనిపిస్తే తాళం తిప్పి స్టార్ట్ చెయ్యకండి, ఇంజన్ పోతే మామూలు ఫుల్ ఇన్సూరెన్సులో కూడా అది సాధారణంగా రాదు, విడిగా ఇంజన్ కవరు తీసుకుంటే తప్ప.

డబ్బులివ్వాలా? ఒక్కసారికైతే వద్దు, మన వైపు అది అవమానంగా తీసుకుంటారు. వెళ్ళేటప్పుడు మన దొడ్లో నాలుగు కొబ్బరికాయలో, అరటి అత్తమో ఇవ్వండి, వచ్చేటప్పుడు హైదరాబాద్ నుంచి ఒక బిస్కట్ల డబ్బా. మళ్ళీసారి వాళ్ళే "మామూలు చోటే పెట్టుకోండి" అంటారు. మామ్మగారికి నేను ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళాను, "షుగరు బాబూ" అంటూనే తీసుకున్నారు. కానీ నెలకి రెండు మూడు సార్లు తిరిగేవాళ్ళయితే మొహమాటాలు పెట్టుకోకుండా, ప్రహరీ ఉన్న ఖాళీ స్థలమో, పెద్ద దొడ్డో ఉన్నవాళ్ళని చూసుకుని రోజుకి ఇంత అని మాట్లాడేసుకోండి. ఇద్దరికీ సుఖం. వీధి వాళ్ళకి ఇంకా సుఖం.

తిరిగొచ్చేది రాత్రి ఫ్లైట్‌కైతే, వీధి చివరే ఆటో దిగి పెట్టెలు చేత్తో పట్టుకుని నడవండి, చక్రాల పెట్టె సిమెంటు రోడ్డు మీద ఈడిస్తే ఆ చప్పుడుకి కుక్కలన్నీ లేస్తాయి. ఆ వేళప్పుడు తలుపు కొట్టి థాంక్స్ చెప్పక్కర్లేదు, పొద్దున్న ఫోన్ చెయ్యండి. బయల్దేరే ముందు చక్రాల కింద పెట్టిన రాళ్ళు తీసి గోడ వారగా పెట్టేయండి, లేకపోతే తెల్లారి చీకట్లో చీపురు పట్టుకుని వచ్చే ఆవిడ కాలికి తగిలేది అవే.