వెలుగును చదవడం – 4వ పాఠం: సూర్యకాంతిలో నల్లగీతలు

గత పాఠంలో పట్టకంతో గోడ మీద రంగులు పడ్డాయి కానీ నల్లగీతలు, అంటే సూర్యుడి పైపొరల్లోని మూలకాలు మింగేసిన రంగుల చోట్ల పడే సన్నని గీతలు, కనిపించలేదు కదా! లోపం పట్టకానిది కాదు, వెలుగు వచ్చే సందుది. సందు వెడల్పయితే పక్కపక్క రంగులు ఒకదానిమీదొకటి పడి గీతల్ని కప్పేస్తాయి. ఈ పాఠంలో అసలు పనంతా ఆ సందు దగ్గరే.

కావలసినవి: 25 సెం.మీ. పొడవున్న అట్టపెట్టె, షేవింగ్ బ్లేడు, పాత రికార్డబుల్ డీవీడీ, నల్లకాగితం, టేపు.

బ్లేడును కాగితంలో చుట్టి నిలువునా రెండుగా విరవండి. పెట్టె ఒక చివర నిలువు కంత కోసి, బ్లేడు అంచులు ఎదురెదురుగా ఉండేలా అతికించండి. మామూలు ప్రింటింగ్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. దాన్ని అంచుల మధ్య పెట్టి, టేపు వేశాక లాగేస్తే సందు సరిగ్గా కుదురుతుంది.

డీవీడీని కత్తిరిస్తే రెండు పొరలుగా ఊడుతుంది. పారదర్శకమైన పొర తీసుకుని, ఊదారంగు ఉంటే స్పిరిట్‌తో కడగండి. బయటి అంచు నుంచి 2 సెం.మీ. ముక్క కోసి, పెట్టె రెండో చివర కంతకు అతికించండి. ఆ ముక్కలో డిస్కు అంచు ఉన్న వైపు సందుకు సమాంతరంగా, నిలువుగా ఉండాలి. అడ్డంగా పెడితే గీతలు రావు. పెట్టె లోపలంతా నల్లకాగితం అంటించండి.

కన్ను డీవీడీ ముక్కకు దగ్గరగా ఆనించి, సందు వైపు నేరుగా కాకుండా 45–50 డిగ్రీలు పక్కకి చూడండి. ఇక్కడ రంగుల్ని విడదీసేవి డీవీడీ మీది సన్నని గాడులు. వాటి మధ్య దూరం 0.74 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాబట్టి ఆకుపచ్చ అక్కడికి వంగుతుంది. సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకండి. ఎండ పడిన తెల్లకాగితం, వెలుగున్న మబ్బు చాలు.

రంగుల పొడవునా అడ్డంగా సాగే చారలు కనిపిస్తే అవి బ్లేడు అంచున అంటుకున్న దుమ్ము. బ్రష్షుతో తుడవండి. మనకు కావలసినవి రంగులకు అడ్డం పడే నిలువు గీతలు: ఎరుపులో హైడ్రోజన్‌ది 656.3 నానోమీటర్లు (ఈ అంకెలు వెలుగు తరంగదైర్ఘ్యాలు, మైక్రాన్‌లో వెయ్యో వంతు ఒక నానోమీటరు), పసుపులో సోడియంవి 589.0, 589.6, ఆకుపచ్చలో మెగ్నీషియంవి 517 దగ్గర, నీలంలో మళ్ళీ హైడ్రోజన్‌ది 486.1. సోడియం జంట చాలావరకు ఒకే గీతగా కనిపిస్తుంది.

సందు ఎంత సన్నగా ఉండాలో లెక్క చూద్దాం. ఈ పెట్టెకు 0.1 మి.మీ. సందు సుమారు 0.3 నానోమీటర్ల మసక ఇస్తుంది, 0.5 మి.మీ. అయితే 1.5. మసక కంటే దగ్గరగా ఉన్న గీతలు కలిసిపోతాయి. ఇది ఎంత ముఖ్యమో ఒక పాత కథ చెబుతుంది. 1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ గ్రహణం వేళ ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ సూర్యజ్వాలల (సూర్యుడి అంచున ఎగసే వాయువుల) వర్ణపటంలో, అంటే విడదీసిన రంగుల పట్టీలో, మెరిసే గీతలు చూశాడు. మరునాడు గ్రహణం లేకుండానే వాటిని పట్టాడు. ఆ జ్వాలల పసుపు గీత 587.6 దగ్గర ఉంది, సోడియంకు కేవలం 1.4 నానోమీటర్ల దూరం. ఆ తేడాలోంచే హీలియం బయటపడింది. భూమ్మీద అది దొరికింది 1895లో, రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే చేతుల్లో. ఇలాంటి పెట్టెకు సగం మిల్లీమీటరు సందు పెట్టి చూసుంటే ఆ రెండూ కలిసిపోయేవి! మన పెట్టెలో హీలియం గీత మాత్రం కనిపించదు, మామూలు పగటి వెలుగులో దాని జాడ దాదాపు ఉండదు.

అభ్యాసం: స్పిరిట్ దీపపు మంటలో ఉప్పునీటిలో ముంచిన తీగ పెట్టి, పెట్టెతో చూడండి. మెరిసే పసుపు గీత ఏ చోట పడిందో పెట్టె లోపలి గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. కన్ను, పెట్టె కదలకుండా మళ్ళీ ఎండ కాగితం చూసి, నల్లగీత ఆ గుర్తు మీదే పడుతుందో లేదో రాసుకోండి. 5వ పాఠంలో ఈ గుర్తుల నుంచి నానోమీటర్ల స్కేలు గీస్తాం.