రైలు ఎక్కడ ఆగాలి, ఎయిర్‌పోర్ట్‌ను ఎలా కలపాలి: టైంటేబుల్ వేసేవాడి లెక్క

ప్రాంతీయ రైలు లైన్ అనగానే చాలామంది మ్యాప్ పరిచి స్టేషన్లకు చుక్కలు పెట్టడం మొదలుపెడతారు. టైంటేబుళ్లు వేయడం నా వృత్తి. అందుకే ముందు ఒక్కో హాల్ట్ ఎంత సమయం తినేస్తుందో లెక్క కట్టమంటాను. చుక్కలు ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

లెక్క సులువే. రైలు గరిష్ఠ వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి త్వరణంతో భాగించండి. త్వరణం, బ్రేకింగ్ సమానంగా ఉంటే, ఆగి మళ్లీ వేగం అందుకోవడంలో పోయే సెకన్లు అవే. దానికి ప్లాట్‌ఫాం మీద నిలిచే సమయం కలపండి. గంటకు 120 కి.మీ. అంటే సెకనుకు 33.3 మీటర్లు. త్వరణం 0.8 (అంటే వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 0.8 మీటర్ల చొప్పున పెరగడం) అనుకుంటే 42 సెకన్లు, నిలిచేది 40 సెకన్లు. అంటే ఒక్క హాల్ట్‌కు 80 సెకన్లకు పైనే. 160 కి.మీ. వేగమైతే 96 దాకా పోతుంది.

ఇంకొకటి చూడండి. 120 అందుకోవడానికి సుమారు 700 మీటర్లు, ఆపడానికి మరో 700 మీటర్లు కావాలి. స్టేషన్లు కిలోమీటరున్నర దూరంలో ఉంటే రైలు ఆ వేగాన్ని అలా తాకి, వెంటనే బ్రేక్ వేయాల్సిందే. వేగవంతమైన రైళ్లు కొన్న డబ్బు వృథా.

ఇప్పుడు 40 కి.మీ. లైన్ తీసుకోండి. మధ్యలో ఎక్కడా ఆగకపోతే దాదాపు 21 నిమిషాలు. 12 చోట్ల ఆగితే 37, నాలుగు చోట్లే ఆగితే 26. ఆలస్యాలు సర్దుకోవడానికి ఏడు శాతం కలిపితే 40, 28 అవుతాయి. ఈ 28 చాలా విలువైన అంకె. రెండు చివర్లలోనూ బస్సులు, ఇతర రైళ్లు ప్రతి అరగంటకు కలుస్తుంటే, అరగంటలోపు చేరే రైలు అన్నింటినీ అందుకుంటుంది. నలభై నిమిషాల రైలు దిగినవాళ్లు తర్వాతి అరగంట దాకా ఎదురుచూడాలి. స్విట్జర్లాండ్‌లో 2004 డిసెంబర్‌లో జ్యూరిక్–బెర్న్ ప్రయాణాన్ని గంటలోపుకు తెచ్చింది ఈ ఆలోచనతోనే. కావలసిన సమయం ముందు తేల్చుకుని, దానికి సరిపడా లైన్ కట్టారు.

కాబట్టి మీ లైన్‌కు ఎన్ని హాల్టులు పడతాయో ముందు తేల్చండి. తర్వాత వాటిని పంచండి. సమాన దూరాల కోసం పాకులాడకండి. పెద్ద నగరం లోపల మెట్రో లైన్లు ఎక్కడ దాటుతున్నాయో అక్కడ ఆపండి. ప్యారిస్‌లో మెట్రో దాదాపు ప్రతి అర కిలోమీటరుకూ ఆగితే, అదే నగరం కింద వెళ్లే ఆర్‌ఈఆర్-ఏ అనే ప్రాంతీయ రైలు కొన్ని పెద్ద జంక్షన్లలోనే ఆగుతుంది. ఊళ్ల మధ్య అయితే ఊరి నడిబొడ్డునే ఎంచుకోండి. రెండు ఊళ్లనూ ఒప్పించడానికి మధ్యలో పొలాల్లో ఒకే స్టేషన్ పెట్టే రాజీ నాకు అస్సలు నచ్చదు. ఏ ఊరి వాళ్లూ నడిచి రాలేరు. ఇప్పుడు కాదన్న చోట భవిష్యత్తులో స్టేషన్ రావచ్చనిపిస్తే, అక్కడ ట్రాక్‌ను తిన్నగా, చదునుగా ఉంచండి. వంపులో ప్లాట్‌ఫాం కడితే రైలుకూ దానికీ మధ్య సందు పెరుగుతుంది.

ఇక ఎయిర్‌పోర్ట్. అది కూడా ఒక స్టేషనే. పెద్ద స్టేషన్ అనుకోండి, కానీ మొత్తం లైన్ దాని కోసం వంగకూడదు. అన్నిటికంటే మంచిది ఎయిర్‌పోర్ట్ దారిలోనే ఉండి, రైలు అవతలి ఊళ్లకు సాగిపోవడం. 1980లో తెరిచిన జ్యూరిక్ ఎయిర్‌పోర్ట్ స్టేషన్ టెర్మినల్ కింద ఉంటుంది, రైళ్లు అక్కడి నుంచి వింటర్‌టూర్ వైపు వెళ్తాయి. ప్రయాణికులు రెండు వైపుల నుంచీ వస్తారు, రైలు ఖాళీగా తిరిగి రాదు.

దారి మళ్లించాల్సి వస్తే మాత్రం మనుషుల నిమిషాలు లెక్కించండి. ఉదాహరణకు గంటకు వెయ్యి మందిలో 150 మందే అక్కడ దిగుతారనుకుందాం. మళ్లింపు ఐదు నిమిషాలైతే మిగతా 850 మందికి 4,250 నిమిషాలు నష్టం. రైలు మారే బాధ తప్పి ఆ 150 మందిలో ఒక్కొక్కరికి 15 నిమిషాలు కలిసొచ్చినా లాభం 2,250 దగ్గరే ఆగిపోతుంది. అలాంటప్పుడు మెయిన్ లైన్ స్టేషన్ నుంచి టెర్మినల్‌కు తరచూ తిరిగే చిన్న రైలే మేలు.

బ్రాంచ్ లైన్ వేసేముందు ఇంకో విషయం. 15 నిమిషాలకొక రైలును రెండు దారుల్లోకి చీలిస్తే, ఒక్కో దారికి అరగంటకొకటే మిగులుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2003లో తెరిచిన ఎయిర్‌పోర్ట్ స్టేషన్ అలాంటి చీలిక మీదే ఉంది. అక్కడ ఏ రైలు ఎటు వెళ్లాలన్న ఏర్పాటు చాలాసార్లు మారింది.

ఎయిర్‌పోర్ట్ కోసమే ప్రత్యేక రైలు, ప్రత్యేక టికెట్ అన్న ఆలోచనకు నేను వ్యతిరేకం. టొరంటోలో 2015లో అలా మొదలైన రైలుకు జనం సరిగా రాక, ఏడాది తిరక్కముందే ఛార్జీని సగానికి పైగా తగ్గించారు. రోజూ వచ్చేది అక్కడ పనిచేసే సిబ్బంది: లోడర్లు, క్లీనర్లు, సెక్యూరిటీ వాళ్లు. మామూలు టికెట్‌తోనే వాళ్లు ఎక్కగలగాలి.

వాళ్ల షిఫ్టు వేళలు తెచ్చుకుని టైంటేబుల్ పక్కన పెట్టండి. ఉదయం ఆరింటి విమానానికి సిబ్బంది నాలుగు కల్లా చేరాలి. రాత్రి ట్రాక్ మరమ్మతుల వేళ అదే. అందుకే డబుల్ లైన్ మీద రైళ్లు ఒక ట్రాక్ నుంచి ఇంకోదానికి మారే క్రాసోవర్లు తగినన్ని పెట్టండి. ఒక ట్రాక్ మూసినా రెండోదాని మీద గంటకొకటైనా నడపవచ్చు. అదీ కుదరని రాత్రుల్లో అవే స్టేషన్ల ముందు ఆగే బస్సును, రైలు టికెట్ చెల్లేలా, టైంటేబుల్‌లోనే చేర్చండి.