కలంకారీలో ఎరుపు రావాల్సిన చోట వంకాయ రంగు వస్తా ఉందా? ముందు నీళ్ళు చూడండి

కాళహస్తి కలంకారీని ఇంట్లో ట్రై చేసే వాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు, మంచిదే. కానీ వాట్సాప్‌లో ఫోటో పెట్టి "అన్నా ఎరుపు చచ్చిపోయింది" అనే మెసేజ్‌లు కూడా అంతే ఎక్కువయ్యాయి. పేలిక మీద చూసుకున్నావా అంటే సైలెంట్. రెండంగుళాల పేలిక మీద ఒక గీత కసిమి (నల్ల గీతకి వాడే, ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళు), ఒక గీత పటిక (ఎరుపు రావాల్సిన చోట పెట్టేది) పెట్టి, ఆరినాక మంజిష్ఠలో (ఎరుపునిచ్చే వేరు) ఉడకబెట్టి చూస్తే ఒకట్రెండు రోజుల పని, అది చెయ్యరు గానీ నెల రోజులు గీసిన చీరని నేరుగా గిన్నెలో వేసేస్తారు. గుడ్డ ఉతకడం, కరక్కాయ కలిపిన పాలల్లో ముంచడం, చింత బొగ్గుతో గీయడం మీకు వచ్చనుకునే రాస్తా ఉన్నా.

నల్ల గీత పాకిపోతా ఉంది
పాలు. ఎనుము (గేదె) పాలల్లో ఉండే కొవ్వే గీతని పాకకుండా ఆపేది, టోన్డ్ పాకెట్ పాలు పోసి పాకిందంటే ఎట్లా? చిక్కటి పాలు పొయ్యండి, గుడ్డ ఎండలో పూర్తిగా ఆరాకే కలం పెట్టండి.

నలుపు రాకుండా బూడిద రంగుకే ఆగిపోతా ఉంది
కసిమి పెట్టినప్పుడు నీరుగా, పలచగానే ఉంటుంది, మీరు చూస్తా ఉండగానే నల్లబడాలి. నల్లబడకపోతే గ్లాసులో కొంచెం కరక్కాయ నీళ్ళు పోసి అందులో ఒక చుక్క కసిమి వెయ్యండి. గ్లాసు నల్లబడితే కసిమి బాగుంది, తప్పు గుడ్డది, మళ్ళీ కరక్కాయలో ముంచండి. నల్లబడలేదంటే ఇనుము, బెల్లం ఇంకా ఊరలేదని, రెండు మూడు వారాలైనా ఆగండి.

ఎరుపు మచ్చలు మచ్చలుగా వస్తా ఉంది
గుడ్డకి గంజి మిగిలుంది. ఒక చుక్క నీళ్ళు వేస్తే వెంటనే పీల్చుకోవాలి, పూసలాగా పైన నిలబడిందంటే మళ్ళీ ఉతకాల్సిందే.

తెల్లగా ఉండాల్సిన చోట గులాబీ రంగు పట్టింది
గుడ్డకి పట్టకుండా మిగిలిన పటిక కడిగినప్పుడు పూర్తిగా పోలేదు. ఒకప్పుడు స్వర్ణముఖిలో పారే నీళ్ళల్లో పరిచి కడిగేవాళ్ళు, ఇప్పుడు ఏరులో నీళ్ళుండేదే తక్కువ, అందుకని టబ్బులో మడతపెట్టి నానేస్తా ఉన్నారు, ఇక్కడ వదిలిన పటిక పోయి పక్క మడతకి పడతా ఉంది. విప్పి, కొళాయి కింద ఆడిస్తా కడగండి.

ఎరుపు బదులు మడ్డిగా, వంకాయ రంగులో వస్తా ఉంది
అసలు రాయాలనుకున్నది దీని గురించే. పటిక పెట్టినప్పుడు ఆ చోట ఏ రంగూ కనబడదు, మంజిష్ఠలో ఉడికాకే ఎర్రగా తేలుతుంది, ఆ మ్యాజిక్ కోసమే ఈ పనిలో పడ్డాం. కానీ అదే మంజిష్ఠకి పటిక బదులు ఇనుము తగిలితే ఎరుపు రాదు, ఊదా, వంకాయ రంగు వస్తుంది. రెండూ కలిసి తగిలితే చాక్లెట్ రంగు. అంటే మంజిష్ఠ తప్పు కాదు, ఎక్కడినుంచో ఇనుము దూరింది.

నాకు ఇది తెలియడానికి మూడు నెలలు పట్టింది. ఆరడుగుల ప్యానెల్ గీశా, ఉడకబెట్టా, ఎర్ర చీరలో ఉండాల్సిన అమ్మవారు వంకాయ రంగు చీరలో బయటికొచ్చింది. మంజిష్ఠ అమ్మినాయన్ని తిట్టా, పటిక మార్చా, స్టీలు గిన్నె కొత్తది కొన్నా, రెండోసారీ అంతే. తర్వాత ఒకరోజు కరక్కాయ నానబెట్టిన గాజు గ్లాసు సరిగ్గా కడక్కుండా బోరు నీళ్ళు పట్టి పెరట్లో పెట్టేశా, పొద్దున చూస్తే గ్లాసు నిండా సిరా! పాతకాలంలో కరక్కాయ, అన్నభేది (ఇనుముండే ఉప్పు) కలిపి సిరా చేసేవాళ్ళు కదా, అదే. ఆ ఎండాకాలం మా సంపు ఎండిపోయి పక్కింటి బోరు నీళ్ళు వాడుకుంటా ఉన్నాం, అది గుర్తొచ్చాక అన్నీ అర్థమయ్యాయి.

దీంట్లో మోసం ఏమంటే ఇనుమున్న బోరు నీళ్ళు పట్టినప్పుడు తేటగా ఉంటాయి. గాలి తగిలి కొన్ని గంటలు నిలబడితేనే పసుపు తిరిగి, అడుగున తుప్పు రంగు మడ్డి దిగుతుంది. అందుకే చూసి చెప్పొద్దు, టెస్ట్ చెయ్యండి: గాజు గ్లాసులో మీ నీళ్ళు, ఇంకో గ్లాసులో ఆర్వో క్యాన్ నీళ్ళు, రెండిట్లో ఒక్కో స్పూను కరక్కాయ కషాయం పోసి రాత్రంతా వదిలెయ్యండి. మీ గ్లాసు బూడిదగానో నల్లగానో తిరిగితే దొంగ దొరికినట్టే. అట్లనే పటికని ఆర్వో నీళ్ళల్లో కరిగించి అదే చూడండి, కొన్ని పటిక రాళ్ళల్లోనూ ఇనుముంటుంది.

ఇంక నీళ్ళు మార్చండి, వాన నీళ్ళయితే ఇంకా మేలు. బోరు తప్ప దిక్కులేదంటే ప్లాస్టిక్ డ్రమ్ములో పట్టి, బాగా కలబెట్టి, ఒకట్రెండు రోజులు వదిలేసి, పైన తేరిన నీళ్ళు గుడ్డలో వడకట్టి మళ్ళీ గ్లాసు టెస్ట్ చెయ్యండి. ఇనప బాండ్లీ, పెచ్చులూడిన బకెట్, తుప్పు పట్టిన దండెం తీగ ఇవన్నీ దూరం పెట్టండి, కసిమి కలాన్ని పటికలో ముంచొద్దు. కరక్కాయ గుడ్డ మీద అక్కడక్కడ మాత్రమే నల్ల చుక్కలు పడుంటే నిమ్మరసం వేస్తే పోతాయి, కానీ ఆ చోట కరక్కాయ కూడా పోతుంది, కడిగేసి మళ్ళీ ముంచాల్సిందే. ఉడికిపోయిన గుడ్డకి మాత్రం మందు లేదు, నిమ్మరసం వేస్తే ఉన్న రంగు కూడా పోతుంది.

మంజిష్ఠ పాతదా, మంట ఎక్కువైందా అని అడుగుతారు, అయ్యుండొచ్చు, గ్లాసు టెస్ట్ పాసయ్యాక అడగండి. నీలి రంగు గొడవ పూర్తిగా వేరే, దాని తొట్టే వేరే, ఇక్కడ కలపను.