పాత పెట్రోల్ జీప్ ఎత్తు మీద ఆగిపోతుందా? పంప్ కొనకముందు ఫ్లోట్ చూడండి

అనంతగిరి గుట్ట ఎక్కుతుంటే సగం దారిలో బండి దగ్గి ఆగిపోతది, పావుగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అయితది, హైదరాబాద్ సిటీకి రాగానే స్పేర్ పార్టులు దొరికే రాణీగంజ్ పోయి పెట్రోల్ తోసే ఎలక్ట్రిక్ పంప్ కొని బిగించేస్తరు. ఎన్ని జీపుల్లో చూసిన్నో లెక్కలేదు. చాలాసార్లు రోగం కార్బొరేటర్ బౌల్‌లో, అంటే పెట్రోల్ నిలిచే చిన్న గిన్నెలో ఉంటది. అందులో తేలే ఫ్లోట్ పైకి లేస్తే నీడిల్ అనే సూది పెట్రోల్ వచ్చే దారిని మూస్తది. మీద ఇంకింత ప్రెజర్ పెడితే నీడిల్‌ను తోసుకుని పెట్రోల్ పొంగుతది, అంతే.

సామాను పెద్దగా ఏం లేదు, పానాలు, స్క్రూడ్రైవర్, కొత్త గాస్కెట్, డ్రిల్ బిట్లు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ ఎర్త్ తీసేయాలి, దగ్గర్లో సిగరెట్ ఉండొద్దు. ట్యాంక్ సగానికి తక్కువుంటే గుట్ట ఎక్కనే ఎక్కొద్దు. ట్యాంక్ మూత తీస్తే బుస్సుమని గాలి లోపలికి గుంజుతే మూతలో రంధ్రం మూసుకుపోయినట్టే, శుభ్రం చేయండి. ఫిల్టర్ మార్చండి, పాత రబ్బర్ పైపులు కూడా, ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, ఆ రబ్బర్ ఉబ్బి పొరలు పొరలుగా ఊడిపోతది.

ఇంక అసలు పని. మెల్లగా చేయండి.

బౌల్ మూత విప్పి ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపండి, లోపల గలగల వస్తే చిల్లు పడ్డట్టే. వేడి నీళ్లలో ముంచితే చిల్లు దగ్గర బుడగలు వస్తయి, మంట మాత్రం పెట్టొద్దు. తర్వాత నీడిల్ మొన మీద గోరు పెట్టి గీకండి, గోటికి గీత తగిలిందంటే నీడిల్, అది ఆనే సీటు రెండూ మార్చాల్సిందే.

విల్లీస్ జీపులో వచ్చిన కార్టర్ డబ్ల్యూ ఓ కార్బొరేటర్ అయితే మూత తిరగేసి, గాస్కెట్ తీసేసి, మూతకూ ఫ్లోట్‌కూ మధ్య 3/8 ఇంచ్ గ్యాప్ ఉండాలి. అంటే 9.5 మిల్లీమీటర్లు. నేను అదే సైజు డ్రిల్ బిట్ వెనక భాగం పెట్టి చూస్త, స్కేల్‌తో చూసేవాళ్లది నాకు నమ్మకం లేదు. తేడా ఉంటే ఫ్లోట్‌కు ఉన్న, నీడిల్‌ను తాకే చిన్న నాలికను మాత్రమే వంచాలి, అదీ ఫ్లోట్‌ను చేత్తో పైకెత్తి పట్టుకుని. నీడిల్ మీద ఆనించి వంచితే మొన అక్కడే పోతది. ఒక షెడ్డులో నా కండ్ల ముందే కటింగ్ ప్లేయర్‌తో అట్లనే వంచిండ్రు, నా కొత్త నీడిల్ పది నిమిషాల్లో పాడైంది. సోలెక్స్ కార్బొరేటర్ అయితే వంచుడు లేదు, నీడిల్ సీటు కింద వాషర్ మందం పెంచితే బౌల్‌లో పెట్రోల్ మట్టం దిగుతది, తగ్గిస్తే పెరుగుతది, ఆ వాషర్‌ను పారేస్తే గుట్ట మీద పొంగుడే.

మట్టం ఎక్కువ పెట్టి "ఎత్తు మీద పెట్రోల్ అందుతది" అనుకోకండి, దిగేటప్పుడు పొంగి నల్ల పొగ వస్తది. చెప్పిన కొలతకే పెట్టి, గాస్కెట్ కొత్తది వేసి బిగించి, చిన్న ఎత్తు మీద ముందు చూడండి. ఇంకా ఆగితే చక్రాలకు రాళ్లు పెట్టి చల్లారినంక బౌల్ తీసి చూడండి. ఖాళీగా ఉంటే అప్పుడు పంప్ డయాఫ్రం, అంటే లోపల పెట్రోల్‌ను తోసే పొర చూడాలి, నిండుగా ఉంటే జెట్, అంటే పెట్రోల్ చిమ్మే సన్న రంధ్రం దాకా పోయే దారి గాలితో ఊదించాలి.