కాంట్రాక్టు నిర్వహణ – 4వ పాఠం: గేటు దగ్గర పెట్టే సంతకం

పోయిన పాఠంలో ఒక పని అప్పజెప్పాను. మీ దగ్గరున్న పెద్ద కాంట్రాక్టు ఒకటి తీసి, అందులోని తేదీలు, పరిమాణాలు, డబ్బు లెక్కలు ఒకే కాగితం మీద ఎక్కించమన్నాను. చేసినవాళ్లు ఆ కాగితం పక్కన పెట్టుకోండి. చేయనివాళ్లు ముందు అది చేసి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఇవాళ్టి సంగతి ఎండీ గారి బల్ల మీద సంతకమయ్యే కాగితం కాదు. రాత్రి పదకొండింటికి గేటు దగ్గర, సెల్‌ఫోన్ లైటు వేసుకుని సంతకం పెట్టే చలానా, అంటే సరుకుతో పాటు లారీలో వచ్చే కాగితం. దాని విలువ నాకు తెలిసొచ్చింది తప్పు చేశాకే.

అప్పట్లో చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాణ్ణి. తోతాపురి సీజనులో జూన్ ఎలా ఉంటుందో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ట్రాక్టర్లూ లారీలూ రోడ్డు వెంబడి బారులు తీరుంటాయి. మాగిన కాయ మన కోసం ఆగదు. గుజ్జు తీశాక నింపడానికి అసెప్టిక్ బ్యాగులు, అంటే క్రిములు లేకుండా శుద్ధి చేసిన సంచులు ఉండాలి. అవి లేకపోతే కాయ ఉన్నా, బాయిలర్ మండుతున్నా లైను ఆపాల్సిందే. ఆ ఏడాది బ్యాగులు జూన్ 10కి రావాలి. 16 రాత్రి వచ్చాయి. ఈలోగా మూడు ట్రాక్టర్ల కాయ కుళ్లి పారబోశాం. ఆ వాసన షెడ్డులో వారం దాకా వదల్లేదు.

బ్యాగుల లారీ కనపడగానే ప్రాణం లేచొచ్చింది. హమాలీలు దించేశారు. డ్రైవరు చలానా చాచి, "సార్, సంతకం పెడితే పోతా, తెల్లారేసరికి హోసూరులో లోడుంది" అన్నాడు. నేను "సరుకు బాగుంది, అందింది" అని రాసి, సంతకం పెట్టి, పైన స్టాంపు కూడా గుద్దాను. నెల తర్వాత మా వాళ్లు ఆలస్యానికి బిల్లులో కోత పెడితే, సప్లయరు ఆ చలానా జిరాక్సు పంపాడు. దాని మీద నా చేతిరాత.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో 55వ సెక్షను గడువు గురించి. గడువే ప్రాణమైన కాంట్రాక్టులో అవతలివాళ్లు గడువు తప్పితే, ఆ కాంట్రాక్టును రద్దు చేసుకునే హక్కు మనకుంది. రద్దు చేయకుండా ఆలస్యంగా వచ్చినదాన్నే తీసుకున్నామనుకోండి. అప్పుడు ఆలస్యానికి పరిహారం అడగాలంటే, తీసుకునే సమయంలోనే ఆ మాట వాళ్లకు తెలియజేసి ఉండాలి. తర్వాత గుర్తొచ్చింది, ఆడిటరు అడిగాడు అంటే కుదరదు.

అవసరం నెత్తిన కూర్చున్నప్పుడు సరుకు వెనక్కి పంపలేం. పంపమని ఎవరూ అనడం లేదు కూడా. దించుకోండి, కానీ చలానా మీద నాలుగు ముక్కలు రాయండి. ఆ రాత్రి నేను రాసి ఉండాల్సింది ఇది:

"10న రావాల్సిన సరుకు 16 రాత్రి 11 గంటలకు వచ్చింది. లైను ఆగి ఉన్నందున దించుకుంటున్నాం. ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం అడుగుతాం. సరుకు నాణ్యత ఇంకా పరీక్షించలేదు."

డ్రైవరు దగ్గరుండే కాపీ మీదా, మన కాపీ మీదా ఇదే ఉండాలి. ఫొటో తీసి అప్పుడే సప్లయరుకు వాట్సాప్ చేయండి, పొద్దున్నే ఈమెయిలూ కొట్టండి. డ్రైవరు గొణుగుతాడు. గొణగనివ్వండి. చివరి వాక్యం కూడా వదలొద్దు. విప్పి చూడని పెట్టె మీద "బాగుంది" అని రాయడం మన స్టోర్సుల్లో పాత జబ్బు.

నష్టం ఎంత రాబట్టగలం అన్నది వేరే ప్రశ్న. అది 73వ సెక్షను. ఉల్లంఘన వల్ల మామూలుగా జరిగే నష్టం, లేదా జరగొచ్చని కాంట్రాక్టు రాసుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టం మాత్రమే వస్తుంది. బ్యాగులమ్మేవాడు "మీ కాయ కుళ్లుతుందని నాకేం తెలుసు" అనగలడు. అందుకే ఆర్డరులోనే ఒక వాక్యం వేయండి: ఈ బ్యాగులు సీజనులో మాగిన మామిడి గుజ్జు నింపడానికి, ఆలస్యమైతే కాయ పాడవుతుంది అని. తర్వాత వంద ఉత్తరాలు రాసినా ఆ ఒక్క వాక్యానికి సాటి రావు. వారానికి ఇంత శాతం కోత అని ముందే రాసుకున్నా, 74వ సెక్షను ప్రకారం అది గరిష్ఠ పరిమితి మాత్రమే. న్యాయమైన పరిహారం అంతకు లోబడే ఉంటుంది.

ఇప్పుడు బల్లకు అవతలి వైపు కూర్చుందాం. మన గుజ్జు చెన్నైలో ఒక జ్యూస్ కంపెనీ గేటు దగ్గర దిగింది. అక్కడ వాళ్ల స్టోర్స్ మనిషి పెట్టే సంతకమే మన డబ్బుకు మొదటి రోజు. మీది ప్రభుత్వం దగ్గర ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉన్న సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం మీ పక్షాన ఉంది. కాంట్రాక్టులో 90 రోజులని రాసుకున్నా సరే, సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటి పేమెంటు ఆపకూడదు. గడువేదీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ.

అంగీకరించిన రోజు అంటే ఏది? దీని మీదే తగువంతా. సరుకు అందిన 15 రోజుల్లోగా కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించిన రోజు. ఫోన్లో "బ్రిక్స్ తక్కువొచ్చింది సార్" (బ్రిక్స్ అంటే గుజ్జులో చక్కెర శాతం కొలత) అని సణిగితే అది రాత కాదు. కానీ మీరు "చూస్తాం సార్, సర్దుకుందాం" అని మెసేజ్ కొట్టారంటే మీ తగువును మీరే రాతలోకి తెచ్చినట్టు. అలాంటి ఫోనొస్తే మర్యాదగా "ల్యాబ్ రిపోర్టు ఈమెయిల్లో పంపండి" అనండి, అంతకు మించి ఒక్క మాట వద్దు.

సంతకం పెట్టించుకున్న చలానా తెచ్చే పని మాత్రం మన డ్రైవరుదే. తేకపోతే బత్తా ఆపే పద్ధతి కొన్ని చోట్ల చూశాను. నాకు నచ్చదు. తెచ్చినవాడికి వంద ఎక్కువిస్తే పని ఇంకా బాగా జరుగుతుంది.

తిరుపతిలో లాడ్జీలు నడిపేవాళ్లు ఇది ఫ్యాక్టరీల గొడవ అనుకోకండి. బ్రహ్మోత్సవాలకు ముందు రావాల్సిన దుప్పట్లు ధ్వజారోహణం రోజు సాయంత్రం వస్తే, మీ రిసెప్షను కుర్రాడు పెట్టే సంతకమూ ఇదే. ఆ నాలుగు వాక్యాలు ఒక రబ్బరు స్టాంపుగా చేయించి, తేదీల చోట ఖాళీలు వదిలి కౌంటర్లో పెట్టండి. కుర్రాడికి చట్టం తెలియక్కర్లేదు, ఖాళీలు నింపడం తెలిస్తే చాలు.

ఈ వారం అభ్యాసం. స్టోర్స్‌లోంచి పోయిన నెల చలానాలు పది తీయండి. ఒక్కోదాని మీద మనవాళ్లు ఏం రాశారో, రావాల్సిన తేదీ ఏదో, వచ్చిన తేదీ ఏదో పక్కపక్కన రాయండి. "బాగుంది" అన్నవి ఎన్నో లెక్కపెట్టండి.

రెండో లెక్క కాస్త తమాషాది. కాంట్రాక్టులో 100 టన్నుల గుజ్జు అని ఉంది. డ్రమ్ముకు నికరంగా 215 కిలోలు. 465 డ్రమ్ములు పంపితే 99,975 కిలోలు, అంటే 25 కిలోలు తక్కువ. 466 పంపితే 190 కిలోలు ఎక్కువ. మీరైతే ఎన్ని పంపుతారు, అసలు ఈ చిక్కు రాకుండా కాంట్రాక్టులో ఏ వాక్యం రాసి ఉండాల్సింది? జవాబు రాసి ఉంచుకోండి, 5వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.